ఆర్సీ వెర్షన్లు, డమ్మీ లోడ్, నేను

"స్టేబుల్ వెర్షన్ శుభ్రంగా పనిచేస్తుంటే ఆ ఆర్సీలూ, గిట్ నుంచి దింపుకుని కంపైల్ చేసుకునే గోలా నీకెందుకయ్యా" అని గుంటూరులో ఉండే మా హ్యామ్ రేడియో గురువుగారు ఇప్పటికీ అంటుంటారు. ఆర్సీలంటే ఖరారు కాకముందు పరీక్ష కోసం వదిలే వెర్షన్లు, గిట్ అంటే సోర్స్ కోడ్‌లో మార్పులన్నీ దాచే పనిముట్టు. ఆయన వీయూ2 (మన దేశంలో హ్యామ్‌ల కాల్‌సైన్లకు, అంటే గుర్తింపు పేర్లకు, ముందుండే ఒక ప్రిఫిక్స్), మోర్స్ మనిషి, రిగ్‌కీ (రేడియో సెట్‌కీ) కంప్యూటర్‌కీ మధ్య వైరు పడటమే ఆయనకు గిట్టదు. నేనేమో విజయవాడలో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఇన్వర్టెడ్ వీ డైపోల్ యాంటెన్నా ఒకటి కట్టుకుని, చుట్టుపక్కల ఫ్లాట్లలోని ఎల్ఈడీ బల్బులూ ఇన్వర్టర్లూ పోసే నాయిస్ మధ్య ఎఫ్‌టీ8తో, అంటే కంప్యూటరే పంపి చదివే చిన్న చిన్న డిజిటల్ మెసేజ్‌ల పద్ధతితో, నెట్టుకొస్తున్నవాణ్ని. ఆ నాయిస్‌లో గొంతుతో మాట్లాడాలంటే పక్క రాష్ట్రం కూడా కష్టమే, ఎఫ్‌టీ8లో అయితే చీకటిపడ్డాక 7.074 మెగాహెర్ట్జ్ మీద ఇండోనేషియా స్టేషన్లు వరసకట్టి కనబడతాయి. అంటే నా హాబీ మొత్తం ఒక సాఫ్ట్‌వేర్ మీద నిలబడి ఉందన్నమాట. అలాంటప్పుడు అది ఎటు పోతోందో నలుగురికంటే ముందు చూడాలనిపించడంలో వింతేం లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. దీన్ని మొదలుపెట్టిన జో టేలర్ 1993లో భౌతికశాస్త్రం నోబెల్ అందుకున్న పల్సర్ల శాస్త్రవేత్త. లోపలి డీకోడర్లు చాలావరకు ఫోర్ట్రాన్‌లో, పైన కనబడే విండోలు సీ ప్లస్ ప్లస్‌తో క్యూటీలో ఉంటాయి, సోర్స్ అంతా తెరిచే ఉంటుంది. ఈ ప్రోగ్రామ్‌లో కొత్తది ఏదైనా ముందు ఆర్సీలోనే, అంటే రిలీజ్ క్యాండిడేట్‌లోనే దిగుతుంది. ఎఫ్‌టీ8 కూడా 2017లో 1.8.0 ఆర్సీతోనే జనంలోకి వచ్చింది. ఆ ఆర్సీ వేసుకోవడానికి జంకినవాళ్లు కొన్నాళ్లు బ్యాండ్ మీద ఆ కొత్త గీతలేమిటో తెలియక వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు గీతల్లా కనబడే విండో) చూస్తూ కూర్చున్నారు.

అయితే ఇది ఫోన్‌లో బీటా యాప్ వేసుకోవడం లాంటిది కాదు. ఫోన్‌లో యాప్ క్రాష్ అయితే నష్టం మనకే. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వెనక ట్రాన్స్‌మిటర్ ఉంది, దాని వెనక యాంటెన్నా ఉంది. బగ్ ఏదైనా ఉంటే అది గాలిలోకి పోతుంది, వేల కిలోమీటర్ల అవతల ఇంకెవరి క్యూఎస్ఓ (రేడియో సంభాషణ) మీదో పడుతుంది. లైసెన్స్ నా పేరు మీద ఉంది, 'డెవలప్‌మెంట్ వెర్షన్ అండీ, ఏదో బగ్' అంటే మన అమెచ్యూర్ రూల్స్‌లో దానికి మినహాయింపేమీ లేదు. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకునే నా పద్ధతంతా తయారైంది.

మొదట ప్రొటోకాల్ మారిపోవడం గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది అదే. 2018 డిసెంబర్‌లో 2.0 వచ్చినప్పుడు ఎఫ్‌టీ8 మెసేజ్ 75 బిట్ల నుంచి 77 బిట్లకు మారింది. రెండే బిట్లు కదా అనుకుంటాం, పాత వెర్షన్‌వాళ్లు కొత్తవాళ్లను డీకోడ్ చేయలేకపోయారు, కొత్తవాళ్లు పాతవాళ్లను చేయలేకపోయారు. 2019 జనవరి 1 కల్లా అందరూ మారిపోండని టీమ్ చెప్పింది. ఎఫ్‌టీ8 కంటే వేగంగా సాగే ఎఫ్‌టీ4 విషయంలో ఇంకా చిత్రం జరిగింది. 2019 ఏప్రిల్‌లో 2.1.0 ఆర్సీ5లో దాన్ని వదిలినప్పుడు ఒక్కో స్లాట్ (ఒకరు పంపే వంతు) 6 సెకన్లు ఉండేది, జనం వాడి చెప్పిన తర్వాత ఆర్సీ7లో 7.5 సెకన్లు చేశారు. దాంతో ఆర్సీ5 ఎఫ్‌టీ4కీ ఆర్సీ7 ఎఫ్‌టీ4కీ పొంతన లేకుండా పోయింది. ఇలా అవుతుందని ముందే తెలుసు కాబట్టి ఆ ఆర్సీలకు గడువు పెట్టారు, తేదీ దాటితే ప్రోగ్రామ్ నడవదు. చాలామంది దీని మీద విసుక్కున్నారు గానీ నాకైతే అది చాలా పెద్దమనిషి తరహా పని అనిపిస్తుంది. గడువు పెట్టకపోతే పాత ఆర్సీ వేసుకున్న పుణ్యాత్ములు సంవత్సరాల తరబడి ఎవరికీ అర్థంకాని సిగ్నల్ పంపుతూ, 'ఎవరూ పలకట్లేదేంటి, యాంటెన్నా పోయిందా' అని టెర్రస్ ఎక్కి దిగుతూ ఉండేవాళ్లు.

నన్ను నిజంగా ఆర్సీల్లోకి లాగింది మాత్రం 2024లో వచ్చిన సూపర్‌ఫాక్స్ అనే మోడ్. పసిఫిక్ మధ్యలో జార్విస్ ద్వీపం అని ఒకటుంది, మనుషులు ఉండరు, అడుగుపెట్టడానికి అనుమతి దొరకడమే గగనం. ఆ ఆగస్టులో ఎన్5జే అనే కాల్‌సైన్‌తో అక్కడి నుంచి ఎయిర్ మీదకు వస్తున్నామనీ, సూపర్‌ఫాక్స్ కూడా వాడతామనీ ప్రకటించారు. పాత ఫాక్స్ మోడ్‌లో డీఎక్స్‌పెడిషన్ (ఇలా మారుమూల చోటికి వెళ్లి రేడియో నడిపే బృందం) స్టేషన్ ఒకేసారి నాలుగైదు సిగ్నళ్లు పంపితే పవర్ వాటి మధ్య చీలిపోయి ఒక్కోటీ బలహీనంగా వినబడేది. సూపర్‌ఫాక్స్‌లో 1512 హెర్ట్జ్ వెడల్పున ఒకటే సిగ్నల్ వెళుతుంది, అందులోనే తొమ్మిదిమంది దాకా జవాబు ఇమిడిపోతుంది, పవర్ చీలదు. నాలాంటి బక్క స్టేషన్‌కు ఇంతకంటే ఏం కావాలి. కాకపోతే అప్పటికి స్టేబుల్ వెర్షన్‌లో ఆ మోడ్ లేదు, 2.7.0 ఆర్సీ6 వేసుకుంటేనే ఉంది.

వేసుకునే పద్ధతి దగ్గర నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. స్టేబుల్‌ని తీసేసి దాని స్థానంలో ఆర్సీ పెట్టను. నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ ఉంది. ఆర్సీ డెబ్ ఫైల్‌ని ఇన్‌స్టాల్ కొట్టకుండా 'డీపీకేజీ మైనస్ ఎక్స్'తో ఒక విడి ఫోల్డర్‌లోకి విప్పుకుంటాను, సిస్టమ్‌కు అది ఉన్నట్టే తెలియదు. నడిపేటప్పుడు 'రిగ్-నేమ్' అనే ఆప్షన్‌కు 'టెస్ట్' అని పేరిస్తాను. అలా ఇస్తే సెట్టింగ్స్ ఫైలూ, లాగ్ ఫోల్డరూ అన్నీ వేరే పేరుతో కొత్తగా పుడతాయి, అసలు లాగ్ (మాట్లాడిన స్టేషన్ల చిట్టా) ఉన్న ఫోల్డర్ జోలికి రాదు. ఇది మాన్యువల్‌లో ఉన్నదే, కానీ రెండు రిగ్‌లు ఉన్నవాళ్ల కోసం రాసి ఉంటుంది కాబట్టి టెస్టింగ్‌కు పనికొస్తుందని చాలామందికి తట్టదు. ఇంకోటి, ఎవరు ఎవరిని విన్నారో చూపే పీఎస్‌కే రిపోర్టర్ సైట్‌కు స్పాట్లు (విన్న స్టేషన్ల వివరాలు) పంపే టిక్ తీసేస్తాను. ఆర్సీ ఫ్రీక్వెన్సీ తప్పు చదివినా, లేని కాల్‌సైన్ డీకోడ్ చేసినా ఆ తప్పు లోకమంతా చూసే మ్యాప్ మీదకు ఎక్కకూడదు కదా.

జార్విస్ సంగతి ఏమైందంటే, ఒక ఉదయం 20 మీటర్ల మీద పదిహేను సెకన్ల స్లాట్ ముగియగానే ఎన్5జే వరసలు ఒక్కసారిగా గుంపుగా పడ్డాయి, పక్కన అది అసలు స్టేషనే అని చెప్పే 'వెరిఫైడ్' అన్న మాట కూడా వచ్చింది. దొంగ కాల్‌సైన్‌గాళ్లను పట్టుకోవడానికి అందులో డిజిటల్ సంతకం పెట్టారు. నేను పిలుస్తూనే ఉన్నాను, ఎండ ఎక్కాక సిగ్నల్ వాటర్‌ఫాల్‌లో సన్నబడి మాయమైపోయింది. క్యూఎస్ఓ కాలేదు. వినడం మాత్రం విన్నాను, ఆ శబ్దం రికార్డయిన వేవ్ ఫైల్ దాచుకున్నాను.

వేవ్ ఫైళ్ల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ట్రాన్స్‌మిట్ బటన్ జోలికే పోకుండా డెవలప్‌మెంట్ వెర్షన్‌ని పరీక్షించే దారి ఇది. 'సేవ్ ఆల్' పెడితే ప్రతి స్లాట్‌నూ 12000 హెర్ట్జ్ శాంపిల్ రేటుతో ఒక ఫైలుగా రాస్తుంది, ఒక్కోటి సుమారు 360 కేబీ, గంటకు 240 ఫైళ్లు, మొత్తం 86 ఎంబీ చిల్లర. బ్యాండ్ బాగా రద్దీగా ఉన్న ఒక సాయంత్రం, అస్సలు చచ్చిపోయిన ఒక మధ్యాహ్నం, వానాకాలం ఉరుముల చిటపటలు నిండిన ఒక రాత్రి, ఇలా కొన్ని గంటలు రికార్డ్ చేసి పెట్టుకున్నాను. కొత్త వెర్షన్ రాగానే ప్రోగ్రామ్‌తో పాటే వచ్చే 'జేటీ9' అనే కమాండ్‌కు మైనస్ 8 ఇచ్చి ఈ ఫైళ్లన్నీ పాత డీకోడర్‌తో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి నడిపి, రెండు జాబితాలనూ 'డిఫ్' కొడతాను. ఆకాశం అదే, నాయిస్ అదే, మారింది డీకోడర్ ఒక్కటే కాబట్టి తేడా ఏదొచ్చినా దానిదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్తది ఎక్కువ వరసలు చూపిస్తే ఎగిరి గంతేయకూడదు. డీకోడర్‌ని మరీ ఆశపోతుగా ట్యూన్ చేస్తే నాయిస్‌లోంచి కూడా కాల్‌సైన్లు పుట్టిస్తుంది. ఒకసారి 'డిఫ్'లో నాకు కొత్తగా దొరికిన వరసల్లో ఒకటి అచ్చం డీఎక్స్‌లా (దూరదేశపు స్టేషన్‌లా) ఉంది, చూస్తే లొకేటర్ (స్టేషన్ ఉన్న చోటు) ఏమో దక్షిణధ్రువం దగ్గర, ప్రిఫిక్స్ ఏమో ఏ దేశానికీ ఇవ్వనిది, సిగ్నల్ మైనస్ 24. ఎఫ్‌టీ8 మామూలుగా మైనస్ 21 డీబీ దగ్గరే చేతులెత్తేస్తుంది, అంతకంటే కింద వచ్చేవాటిని కాస్త అనుమానంగానే చూడాలి. కాబట్టి నేను లెక్కపెట్టేది అదనంగా వచ్చినవి ఎన్ని అని కాదు, అదనంగా వచ్చిన కాల్‌సైన్లలో ఎన్ని ఆ ముందు స్లాట్లలోనో తర్వాత స్లాట్లలోనో మళ్లీ కనబడ్డాయి అని. నిజం స్టేషన్ అయితే ఒక్క స్లాట్‌లో పలికి ఊరుకోదు, కనీసం మళ్లీ సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) అయినా కొడుతుంది.

సోర్స్ నుంచి కంపైల్ చేయడం జనం భయపడేంత పనేమీ కాదు, విసుగు పని అంతే. గిట్ నుంచి విడివిడిగా లాగడం కన్నా సూపర్‌బిల్డ్ అని ఒక మూట ఇస్తారు, అది తీసుకోవడం నయం. అందులో హామ్‌లిబ్ (దాని గురించి కింద చెబుతాను) కూడా ఉంటుంది, కంపైల్‌ని నడిపించే సీమేక్ ముందు దాన్ని కట్టి తర్వాత అసలు ప్రోగ్రామ్ కడుతుంది. జీఫోర్ట్రాన్, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, బూస్ట్, క్యూటీ మల్టీమీడియా, క్యూటీ సీరియల్‌పోర్ట్, ఇవన్నీ డెవ్ ప్యాకేజీలతో సహా ముందే వేసుకోవాలి, ఏది మర్చిపోయినా ఎర్ర అక్షరాల్లో దాని పేరే చెప్పి ఆగుతుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. అందరికీ తగిలే రాయి డాక్యుమెంటేషన్ దగ్గర ఉంటుంది. మాన్యువల్ తయారుచేయడానికి కావలసిన ఆస్కీడాక్టర్ లేదని చెప్పి మొత్తం ఆపేస్తుంది. మాన్యువల్ మనకక్కర్లేదు, డాక్స్ ఆఫ్, మ్యాన్‌పేజీలు స్కిప్ అని సీమేక్‌కు రెండు ఆప్షన్లు ఇస్తే దాటిపోతుంది. ఇక రాస్ప్‌బెర్రీ పైలో చేసేవాళ్లు 'జే 4' (ఒకేసారి నాలుగు పనులు) పెట్టకండి, మెమరీ చాలక కంపైలర్ చచ్చిపోతుంది, పైగా ఎందుకు చచ్చిందో సరిగా చెప్పదు.

హామ్‌లిబ్ అంటే తెలియనివాళ్లకు ఒక ముక్క: వందల రకాల రిగ్‌లతో సీరియల్ పోర్ట్ మీద మాట్లాడే లైబ్రరీ అది, ఫ్రీక్వెన్సీ మార్చు, మోడ్ మార్చు, పీటీటీ (ట్రాన్స్‌మిట్ స్విచ్) వెయ్యి అని. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, ఎఫ్‌ఎల్‌డిజి, చాలా లాగింగ్ ప్రోగ్రాములు దీన్నే వాడతాయి. మీ రిగ్ కొత్త మోడల్ అయితే దానికి కావలసిన మార్పు డెవలప్‌మెంట్ బ్రాంచ్‌లో మాత్రమే ఉండే అవకాశం ఎక్కువ, లినక్స్ డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీలోకి అది దిగేసరికి ఏడాది కూడా పట్టొచ్చు. సరే అని మాస్టర్ (ఆ డెవలప్‌మెంట్ బ్రాంచ్) లాగి 'మేక్ ఇన్‌స్టాల్' కొడితే అది యూఎస్ఆర్-లోకల్‌లోకి పోతుంది, 'ఎల్‌డీకాన్ఫిగ్' కాగానే అదే పేరున్న పాతదాన్ని పక్కకు నెట్టి సిస్టమ్‌లోని హామ్‌లిబ్‌ను వాడే అన్ని ప్రోగ్రాములకూ ఆ కొత్తదే అంటుకుంటుంది. మీరు మార్చింది ఒకదాని కోసం, పాడయ్యేది ఇంకోటి. 'ఎల్‌డీడీ' అని కొట్టి ఏ ప్రోగ్రామ్ ఏ లైబ్రరీని పట్టుకుందో చూడటం అలవాటు చేసుకోవాలి. నేను హోమ్‌లో ఒక ఫోల్డర్‌ను ప్రిఫిక్స్‌గా ఇచ్చి అక్కడే కడతాను, టెస్ట్ చేసే ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న స్క్రిప్ట్‌లో మాత్రం 'ఎల్‌డీ లైబ్రరీ పాత్' అటు తిప్పుతాను. వద్దనుకుంటే ఫోల్డర్ తుడిచేస్తే సరి.

ఇప్పుడు అసలు కథ. నాకు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, లాగింగ్ ప్రోగ్రామ్ రెండూ ఒకేసారి రిగ్‌తో మాట్లాడాలి, ఉన్నది ఒకటే సీరియల్ పోర్ట్. మధ్యలో కూర్చుని ఇద్దరి మాటా రిగ్‌కు చేరవేసే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. పేరు చెప్పను, ఎవరో ఖాళీ సమయంలో ఉచితంగా రాసిపెట్టింది. దాని స్టేబుల్ వెర్షన్‌లో ఫ్రీక్వెన్సీ చదవడం ఆలస్యమయ్యేది, డెవలప్‌మెంట్ బ్రాంచ్‌లో దాన్ని సరిచేశారు. అదే వేసుకున్నాను.

కొత్తది ఏదైనా నా రేడియో గదిలో ముందు డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మార్చి మింగేసేది) మీదే నడుస్తుంది. యాంటెన్నా కోయాక్స్ విప్పేసి 50 ఓమ్స్ లోడ్ తగిలిస్తాను, పవర్ 5 వాట్లకు దించుతాను, రిగ్ మెనూలో టైమ్ అవుట్ టైమర్ చిన్నదిగా పెడతాను. ఆ టైమర్ చాలా రిగ్‌లలో ఉంటుంది గానీ ఎవరూ ముట్టుకోరు, కంప్యూటర్ పీటీటీ వదలడం మర్చిపోయినా రిగ్ తనంతట తాను ట్రాన్స్‌మిట్ ఆపుకునేలా చేసేది అదే. ఎఫ్‌టీ8 ట్రాన్స్‌మిషన్ 12.64 సెకన్లు, కాబట్టి స్లాట్‌లో చివర దాదాపు రెండు సెకన్లు ఎర్ర లైటు ఆరి ఉండాలి. నేను ఆ లైటునే చూస్తూ కూర్చున్నాను. వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక స్లాట్‌లో ఆరలేదు. స్క్రీన్ మీద డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ రిసీవ్‌లోకి వచ్చేసి ఆకుపచ్చ బార్ తాపీగా కదులుతోంది, వాటర్‌ఫాల్ నల్లగా ఉంది, రిగ్ మీద ఎర్ర లైటు మాత్రం అలాగే ఉంది, ఫ్యాన్ మొదలైంది. టైమర్ పుణ్యమా అని కాసేపటికి ఆరింది.

ఇది యాంటెన్నాకు తగిలించి ఉన్నప్పుడో, నేను కాఫీకి వంటింట్లోకి వెళ్లినప్పుడో జరిగి ఉంటే బ్యాండ్ మీద నా రిగ్ తెరిచి వదిలేసిన కుళాయిలా ఉండేది. ఫైనల్ ట్రాన్సిస్టర్లు కూడా వేడెక్కిపోయేవి.

ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్‌ని పట్టుకోవడం నరకం, కాబట్టి ముందు దాన్ని మాటిమాటికీ వచ్చేలా చేయాలి. ఆ ప్రోగ్రామ్ హామ్‌లిబ్ నెట్‌వర్క్ భాషే మాట్లాడుతుంది, 4532 పోర్ట్ మీద. అందుకని 'రిగ్‌సీటీఎల్' కమాండ్‌తో చిన్న లూప్ రాశాను: పెద్ద 'టీ' 1 అంటే పీటీటీ వెయ్యి, ఒక సెకను ఆగు, 'టీ' 0 అంటే తియ్యి, తర్వాత చిన్న 'టీ' కొట్టి నిజంగా తీసిందా అని అడుగు, ఒకటి వస్తే ఆగిపో. లాగింగ్ ప్రోగ్రామ్ తెరవకుండా లూప్ నడిపితే ఎంతసేపైనా ఏమీ కాలేదు. అది తెరిచి, ఫ్రీక్వెన్సీని చాలా తొందర తొందరగా అడిగేలా పెట్టగానే నిమిషాల్లో ఇరుక్కుంది. ఇంకేముంది, సగం తెలిసిపోయింది: ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఒకరి మాట పోతోంది.

మిగతా సగానికి 'గిట్ బైసెక్ట్'. ఇది తెలియని హ్యామ్‌లు దయచేసి నేర్చుకోండి, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. బాగున్న పాత వెర్షన్ ఇదీ, పాడైన కొత్తది ఇదీ అని చెబితే, గిట్ ఆ రెంటి మధ్యనున్న కమిట్‌ని (కోడ్‌లో నమోదైన ఒక మార్పుని) తీసి ఇస్తుంది. కంపైల్ చేసి లూప్ నడిపి 'గుడ్' అనో 'బ్యాడ్' అనో చెప్పాలి, మళ్లీ మిగిలిన సగంలో మధ్యది ఇస్తుంది. మధ్యలో వంద కమిట్లున్నా ఏడోసారికి దొంగ దొరికిపోతాడు. ఒక్కటే జాగ్రత్త, ఇలాంటి అప్పుడప్పుడూ వచ్చే బగ్‌లో 'బ్యాడ్' అని తేల్చడం తేలిక, 'గుడ్' అనడానికి మాత్రం లూప్‌ను బాగా ఎక్కువసేపు వదలాలి. తొందరపడి ఒక్క 'గుడ్' తప్పు చెబితే బైసెక్ట్ ఎంతో నమ్మకంగా అమాయకపు కమిట్‌ని చూపించి 'ఇదే' అంటుంది.

దొరికిన కమిట్ నేను వేసుకోవడానికి కారణమైనదే. ఫ్రీక్వెన్సీ చదవడం వేగంగా ఉండాలని ఆ పనిని వేరే థ్రెడ్‌లో (పక్కనే సమాంతరంగా నడిచే పనిలో) పెట్టారు, సీరియల్ పోర్ట్‌కు మాత్రం తాళం వేయలేదు. ఒక థ్రెడ్ ఫ్రీక్వెన్సీ అడుగుతున్న బైట్ల మధ్యలోకి ఇంకో థ్రెడ్ పీటీటీ తీసెయ్యమనే బైట్లు దూరితే రిగ్‌కు ఆ కమాండ్ అర్థంకాని చెత్తలా చేరుతుంది, పక్కన పడేస్తుంది. రిగ్ ఒప్పుకుందో లేదో ప్రోగ్రామ్ చూసుకోలేదు.

రిపోర్ట్ రాసేటప్పుడు 'పీటీటీ ఇరుక్కుంటోంది, చూడండి' అని ఒక వాక్యం రాసి వదిలేస్తే అవతలివాళ్లకు దాంతో ఏం చేయాలో తెలియదు. నేను కమిట్ హ్యాష్, రిగ్ మోడల్, బాడ్ రేట్, లూప్ స్క్రిప్ట్, ఇరుక్కున్న క్షణానికి ముందూ వెనకా డీబగ్ లాగ్ పెట్టాను. హామ్‌లిబ్ పరికరాల్లో అయితే 'వి' అనే అక్షరాన్ని అయిదుసార్లు ఇస్తే రిగ్‌కు పోయే ప్రతి బైటూ రాసి చూపిస్తుంది, దీంట్లోనూ అలాంటిదే ఉంది. ఆ లాగ్‌లో రెండు కమాండ్ల హెక్స్ బైట్లు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉన్న వరస ఒక్కటి చాలింది, ఇక వాదనే లేదు. రాత్రి పడుకునే ముందు పంపాను, మనకు రాత్రయితే వాళ్లకు పగలు, తెల్లవారేసరికి 'ఈ బ్రాంచ్ ప్రయత్నించి చెప్పండి, 73' (73 అంటే హ్యామ్‌ల శుభాకాంక్షలు) అని జవాబు ఉంది. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్‌కు నాకెప్పుడూ ఇంత తొందరగా సమాధానం రాలేదు.

ఈ ప్రాజెక్టుల వెనక చేతులు చాలా తక్కువ, అది మర్చిపోకూడదు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో రిగ్ కంట్రోల్ వైపు ఎంతో మోసిన బిల్ సోమర్విల్ (కాల్‌సైన్ జీ4డబ్ల్యూజేఎస్) 2021 డిసెంబర్‌లో పోయినప్పుడు ఆ లోటు ఎంతటిదో వాడేవాళ్లందరికీ తెలిసింది. అందుకే ఆర్సీలో బగ్ కనబడగానే 'ఇదేం సాఫ్ట్‌వేర్' అని ఎగిరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనల్ని పిలిచిందే బగ్ వెతకమని కదా. వాడి, కనబడింది చెప్పకుండా వెనక్కి స్టేబుల్‌కు వెళ్లిపోయేవాళ్లు కూడా నా లెక్కలో అదే జాతి.

సరిచేసిన బ్రాంచ్‌ని లూప్‌తో రాత్రంతా డమ్మీ లోడ్ మీద వదిలాను, పవర్ వీలైనంత తక్కువకు దించి. ఇరుక్కోలేదు. అప్పుడు గానీ యాంటెన్నా తగిలించలేదు. తగిలించాక కూడా మొదటి సాయంత్రం గురువుగారికి ఫోన్ చేసి, "కాస్త 7.074 మీద నా సిగ్నల్ చూస్తారా గురువుగారూ" అని బతిమాలాను. ఆయన ఎస్డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్) ఒకటి అయిష్టంగానే కొన్నారు, విండో తెరిచి కూర్చుని ఫోన్‌లోనే చెబుతున్నారు: "వచ్చావు… సన్నగానే ఉందయ్యా, పక్కలకు ఏం చిమ్మట్లేదు… ఆగావు. మళ్లీ కొట్టు." నేను స్ప్లిట్‌లో 'ఫేక్ ఇట్' పెట్టి ఉంచుతాను. అది ఆడియో టోన్‌ని 1500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్యలో ఉంచడానికి వీఎఫ్ఓను (రిగ్ ఫ్రీక్వెన్సీని) ట్రాన్స్‌మిట్ ముందు కదిపి, అయ్యాక మళ్లీ వెనక్కి పెడుతుంది. అలా చేస్తే టోన్ హార్మోనిక్స్ రిగ్ ఫిల్టర్ బయట పడి కొట్టుకుపోతాయి. కానీ రిగ్ కంట్రోల్ నమ్మదగ్గది కాకపోతే వీఎఫ్ఓ వెనక్కి రాకుండా ఉండిపోయి వాటర్‌ఫాల్ మొత్తం కనీసం అయిదు వందల హెర్ట్జ్ పక్కకు జరుగుతుంది. అది కూడా ఆ సాయంత్రం చూసుకున్నాం, జరగలేదు. "ఇంత తతంగం కంటే కీ పట్టుకుని నాలుగు డాట్లు కొట్టుకోవచ్చు కదయ్యా" అన్నారు పెట్టేసే ముందు.

ఇప్పుడు నా దగ్గర డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ స్టేబుల్ ఒకటి, ఆర్సీ వస్తే అది ఒకటి, రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాంటెస్ట్ వారాంతాల్లో ఆర్సీని తెరవను. హామ్‌లిబ్ మాస్టర్‌ని అవసరం పడితేనే లాగుతాను, లాగినప్పుడు రెండు మూడు రోజులు రిసీవ్‌లోనే వదిలేసి చూస్తాను. లాగింగ్ ప్రోగ్రామ్ డెవలప్‌మెంట్ వెర్షన్ జోలికి మాత్రం పోను, ఎవరు ఎంత బాగుందని చెప్పినా సరే. డీకోడర్ పాడైతే ఒక సాయంత్రం పోతుంది, రిగ్ కంట్రోల్ పాడైతే డమ్మీ లోడ్ కాస్తుంది. లాగర్ కొత్త వెర్షన్ మొదటిసారి తెరవగానే డేటాబేస్‌ను తన కొత్త పద్ధతిలోకి మార్చేసుకుంటుంది, ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని తెరవలేదు. తప్పనిసరై ఎక్కించాల్సి వస్తే ముందు మొత్తం లాగ్‌ని ఏడీఐఎఫ్ (లాగ్‌లు మార్చుకునే టెక్స్ట్ ఫార్మాట్) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చివరి క్యూఎస్ఓ ఉందో లేదో కళ్లతో చూసి, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వేశాకే ముందుకు వెళతాను.